కొర్రమీనుకు గాలం

ఎరగా గుచ్చిన కప్ప మునిగిన ప్రతిసారీ సత్తెవ్వ గాలం కర్ర ఎత్తేది. ఎత్తిన ప్రతిసారీ ఖాళీ గాలమే పైకి వచ్చేది. పదకొండు రోజులుగా ఇదే వరస.

ఎర్రకుంట చెరువులో ఏటా వానలు పడ్డాక మత్స్యసంఘం వాళ్లు చేపపిల్లలను వదులుతారు. అంతకు ముందే తామరలో దాక్కున్న పెద్ద కొర్రమీన్లను తీసేయాలి. లేకపోతే పిల్లలన్నీ వాటి పొట్టలోకే పోతాయి. తామరలో వల వేస్తే చిక్కుకుని చిరుగుతుంది కాబట్టి గాలమే దిక్కు. ఆ పని సంఘంలో ఒక్కరిదే. చేసినవాళ్లకు ఏడాది పొడవునా చెరువులో గాలం వేసుకునే హక్కు.

నిరుటి దాకా ఆ హక్కు సత్తెవ్వ భర్త బుచ్చయ్యది. అతను పోయాక, అది తనకు కావాలని సత్తెవ్వ సంఘంలో నిలబడి అడిగింది. సంఘం పెద్ద నర్సింగం కాదనలేదు, సరే అనలేదు. తూము దగ్గరి పెద్ద కొర్రమీనును సోమవారం చేపపిల్లల బండి వచ్చేలోపల తీస్తే హక్కు ఆమెది, తీయలేకపోతే తన తమ్ముడిది అన్నాడు.

ఆమె నేరుగా, బుచ్చయ్యకు గాలం నేర్పిన లతీఫ్ సాబు దగ్గరికి వెళ్లింది. కట్ట చివర చిన్న దర్గాను చూసుకునే ముసలాయన. యాభై ఏళ్లుగా గాలం వేస్తున్నాడు. ఆయన దగ్గరికి కొందరు దువా కోసం వస్తారు, కొందరు గాలం నేర్చుకోవడానికి వస్తారు. ఎవరు వచ్చినా ముందు చీపురు చేతికిస్తాడు. సత్తెవ్వ రెండు రోజులు దర్గా ఊడ్చింది. మూడో రోజు ఆయన కర్ర ఇచ్చాడు.

కొర్రమీను గాలి మింగడానికి పైకి వస్తుందని, ఆ బుడగ లేచిన చోటు గుర్తుపెట్టుకోమని చెప్పాడు. పొద్దుకు ఎదురుగా కూర్చుంటే నీడ నీళ్ల మీద పడదన్నాడు. కప్పను తొడ దగ్గర గుచ్చాలి, చావకూడదు. ఆకుల అవతల వేసి, ఆకుల మీదుగా ఈడ్చుకురావాలి. ఇవన్నీ ఆమె నాలుగు రోజుల్లో పట్టేసింది. కప్ప ఎక్కడ పడాలనుకుంటే అక్కడే పడేది.

కొర్రమీను కూడా వచ్చేది. నీళ్లు భళ్లున పగిలేవి. ఆమె గుంజేది. గాలం ఖాళీగా వచ్చేది.

"నోట్లెకు పోనీ, బిడ్డా," అన్నాడు లతీఫ్ సాబు మొదటిసారి. ఆ తర్వాత ఆ మాట కూడా అనలేదు.

ఆమె గాలం మార్చింది. తంగూసు దారం మార్చింది. అటకమీంచి బుచ్చయ్య కర్ర దింపి తెచ్చింది. ఏదీ లాభం లేకపోయింది. కట్ట మీద బీడీలు తాగుతూ కూర్చున్నవాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. సత్తెవ్వ చేపలు పట్టడం లేదు, కప్పలకు ఈత నేర్పుతున్నది అని నర్సింగం తమ్ముడు అంటే అందరూ నవ్వారు. ఆమె వెనక్కి తిరగలేదు. ఇంకో కప్పను గుచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పెద్ద చేప రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పోయింది. సత్తెవ్వ కర్ర కింద పెట్టి దర్గా మెట్ల దగ్గరికి వచ్చింది. అసలు కిటుకు ఆయన దాచుకుంటున్నాడని, బుచ్చయ్యకు చెప్పింది తనకు చెప్పడం లేదని ముఖం మీదే అంది.

"వానికి గూడ ఇంతే జెప్పిన," అన్నాడు ఆయన. "పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

తినలేదు.

ఆయన లోపలికి వెళ్లి జొన్నరొట్టె, చింతపులుసులో ఉడికిన చేప ముక్కలు పళ్లెంలో పెట్టి తెచ్చాడు. మెట్టు మీద ఆమె ముందు పెట్టాడు. ఆమె చెయ్యి చాచింది. వేళ్లు రొట్టెకు తగిలాయో లేదో, ఆయన పళ్లెం వెనక్కి లాగాడు.

ఆమె చూసింది. ఆయన ముఖంలో ఏమీ లేదు. పళ్లెం మళ్లీ ముందుకు జరిపాడు. మళ్లీ వేళ్లు తగలగానే లాగాడు. మూడోసారీ అంతే.

"ఏం పరాచకం తాతా ఇది? నాకు ఆకలైతున్నది."

ఆయన పళ్లెం ఇంకోసారి జరిపాడు. ఈసారి ఆమె ముట్టి చూడలేదు. రెండు చేతులతో పళ్లెం లాక్కుని, ఒళ్లో పెట్టుకుని, ఆయనకు వీపు పెట్టి కూర్చుంది. పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. రెండోది తుంచబోతుంటే ఆయన వెనకనుంచి పళ్లెం అంచు పట్టుకుని గట్టిగా గుంజాడు.

పళ్లెం ఊడి రాలేదు. పళ్లెంతో పాటు ఆమే వచ్చింది.

సత్తెవ్వ నమలడం ఆపింది. పళ్లెం వంక చూసింది, దాన్ని పట్టుకున్న తన చేతుల వంక చూసింది. లతీఫ్ సాబు అంచు వదిలేశాడు.

"తిను," అన్నాడు.

సోమవారం తెల్లారేసరికే ఆమె తూము దగ్గర కూర్చుంది. చేపపిల్లల బండి పదింటికి వస్తుందని కబురు. నర్సింగం, అతని తమ్ముడు, ఇంకో పదిమంది కట్ట మీదికి చేరారు. తొమ్మిది దాటాక తామర అంచున బుడగ లేచింది. సత్తెవ్వ కప్పను దానికి అవతలగా వేసి ఈడ్చింది.

నీళ్లు పగిలాయి. కప్ప మాయమైంది.

ఆమె కుడిచెయ్యి దానంతటదే లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టుకుంది. కర్ర మొదట్లో చుట్టిన తంగూసు రెండు జానలు జారి ఆగిపోయింది.

గుంజు, గుంజు అని కట్ట మీద అరిచారు. పోయింది పో, అన్నాడు నర్సింగం తమ్ముడు.

తంగూసు కదలలేదు. ఆమె కూడా కదలలేదు. కనుబొమ్మల మీంచి చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోలేదు.

అప్పుడు తంగూసు మళ్లీ కదిలింది. ఈసారి మెల్లగా, తామర లోపలికి, ఇంటికి పోతున్నట్టు.

సత్తెవ్వ లేచి నిలబడి గుంజింది.

కర్ర వంగింది. తామర కాడలు తెగాయి. ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, చేపను గట్టుకు ఈడ్చి, తలమీద కాలు వేసి తొక్కిపట్టింది. చెయ్యంత పొడవుంది. గాలం గొంతులో ఉంది.

హక్కు ఆమెదే అన్నాడు నర్సింగం, కట్ట మీంచి. సత్తెవ్వ తలెత్తలేదు. కొర్రమీన్లు జంటగా ఉంటాయి. బండి రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆమె అప్పటికే ఇంకో కప్పను గుచ్చుతోంది.

నర్సింగం దర్గా వైపు నడిచాడు. లతీఫ్ సాబు మెట్లు ఊడుస్తున్నాడు.

"పదకొండు రోజులల్ల రానిది ఒక్కపూటల ఎట్ల నేర్పినవ్ సాబూ?"

ఆయన ఊడ్చడం ఆపలేదు.

"నేర్పింది ఏం లేదు," అన్నాడు. "ఆకలైతున్నదంటే రొట్టె పెట్టిన."