పన్నెండు బురుజులూ ఒక చద్దిముంతా

ఒకానొక కొండల రాజ్యాన్ని గజకేతుడు ఏలేవాడు. సరిహద్దు కబురు గడియలో రాజధానికి చేరాలని పన్నెండు నగారా బురుజులు కట్టించాడు. ఒక బురుజు మీద నగారా మోగితే, పక్క బురుజువాడు విని తనదీ మోగించాలి. అలా కబురు నడవాలి. పొరుగు షావుకార్ల దగ్గర తెచ్చిన లక్ష వరహాల అప్పు రాతికీ, బంగారు కలశాలకీ, గోడగోడకీ రాజుగారి పేరు చెక్కడానికీ సరిపోయింది. అప్పు సొమ్ముతో కట్టిన గోడ మీద సొంత పేరు చెక్కుకోవడం సిగ్గుచేటని ఆయనకు తోచలేదు.

ఇప్పుడు మరో పన్నెండు కట్టాలన్నాడు. కొత్త అప్పుకు తాకట్టు, రైతుల కాలవ నీళ్లు. ఎల్లుండే పత్రం మీద రాజముద్ర.

ఈ మాట విదూషకుడు బొల్లన్న చెవిన పడింది. అతని అన్నదమ్ములంతా ఆ కాలవ కిందే బతుకుతున్నారు. సూటిగా చెబితే రాజు వినే రకం కాదు.

"ప్రభూ, ముద్ర వేసేముందు బురుజుల పనితనం ఒక్కసారి చూడండి."

"అనుమానమా? తప్పు చూపించావా, పత్రం చింపేస్తాను. చూపించలేకపోయావా, నీ కొలువు ఊడుతుంది!"

"చిత్తం. రేపు తమ భోజనం సరిహద్దు బురుజు మీదే. నగారా కొట్టి కబురంపండి, వంటవాళ్లు గుర్రాల మీద తెస్తారు."

రాజు ఉప్పొంగిపోయాడు. తెల్లవారుతూనే బొల్లన్నను వెంటబెట్టుకుని బయల్దేరి, మధ్యాహ్నానికి బురుజెక్కి, స్వయంగా నగారా అందుకున్నాడు.

"మూడు దెబ్బలంటే భోజనం. నాలుగోది, నెయ్యి దండిగా వేయమని! వంటవాళ్లకు చెప్పే వచ్చాను."

పక్క బురుజు మీంచి పావురాలు లేచాయి. అంతే. మళ్లీ బాదాడు. మళ్లీ పావురాలే.

పొద్దు వాలింది. రాజు చేతులు బొబ్బలెక్కాయి, కడుపు నకనకలాడింది.

"ఆ పక్క బురుజువాడు చచ్చాడా?"

"అసలు పెడితే కదా ప్రభూ, చావడానికి! అప్పు కలశాలకు తెచ్చారు, మోగించే చేతులకు తేలేదు."

బొల్లన్న మూట విప్పి చద్దన్నం ముంత, ఉల్లిపాయ ముందు పెట్టాడు. రాజు ఆవురావురుమంటూ ముంత ఖాళీ చేశాడు.

"ఇదెలా వచ్చిందిరా?"

"నా నెత్తి మీద. దీనికి కలశం లేదు ప్రభూ, అందుకే చేరింది."

రాజు తెల్లబోయాడు. ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు. కోటకు రాగానే పత్రం చింపేశాడు. కలశాలు దింపించి, ఆ బంగారంతో ప్రతి బురుజుకూ ఇద్దరేసి నగారావాళ్లను పెట్టాడు.

"నీకేం కావాలి బొల్లన్నా?"

"నా ముంత ఖాళీ చేశారు. నింపించండి చాలు."

రాజు దాన్ని వరహాలతో నింపించాడు.

నెల తిరక్కుండా సరిహద్దు నుంచి మొదటి కబురు గడియలో రాజధానికి చేరింది. సరిగ్గా నాలుగు దెబ్బలు. రాజుగారు తనిఖీకి వెళ్లారట, నెయ్యి దండిగా వేయమంటున్నారు.