అచ్చియ్యమ్మకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట

అనగనగా గోదారి నడుమ ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక పెద్దావిడ ఉండేదమ్మా. ఆవిడకు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట వచ్చు. అది హోల్డాన్.

ఆ మాట నేర్పినవాడు ఆవిడ పెనిమిటి గవర్రాజు. ఆయన బస్సు కండక్టరు. రైట్ అంటే బస్సు కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. "హోల్డాన్ అన్నాక ఎవరూ కాలు కదపకూడదే" అని ఇంట్లోనూ చెబుతుండేవాడు. పొంగే అన్నానికి కూడా హోల్డాన్ చెప్పేవాడు. అన్నం వింటుందా? వినదు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వుకుంటూ ఆగేది.

కిందటేడు గవర్రాజు పోయాడు. ఆ తర్వాత ఈ ఏడు ఆషాఢంలో, ఈనిన మూడు వారాలకే ఆవు కూడా పోయింది. ఇక ఆ ఇంట్లో ఆవిడ పిలిస్తే తల తిప్పే ప్రాణి దూడ ఒక్కటే. దాని పేరు చుక్కి. ఆవిడే దానికి సీసాతో పాలు పట్టి బతికిస్తోంది.

అప్పుడు శ్రావణమాసంలో గోదారి పొంగింది. మొదటి రోజు చేలోకి వచ్చింది. రెండో రోజు వీధిలోకి వచ్చింది. మూడో రోజు గడప దాటింది. అచ్చియ్యమ్మ చుక్కిని ఎత్తుకుని అరుగు మీద నిలబడింది.

మధ్యాహ్నానికి రబ్బరు పడవ వచ్చింది. అందులో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన జవాను ఉన్నాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. పడవ వెనకాల, ఎవరి బిడ్డనో ఒళ్ళో పెట్టుకుని, ఆ ఊరి బడి టీచరు తాయారు కూర్చుని ఉంది. కొట్టుకొచ్చిన కొబ్బరి దుంగలు అడ్డంపడి పడవ దగ్గరకు రాలేదు. జవాను తాడు విసిరి, "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచాడు.

అచ్చియ్యమ్మ ఆగింది. తాడు నీళ్ళలో కొట్టుకుపోయింది.

జవాను మళ్ళీ విసిరాడు, మళ్ళీ అరిచాడు. అచ్చియ్యమ్మ ఇంకా బిగుసుకుని నిలబడింది. నీళ్ళు నడుముకు వచ్చాయి. చుక్కి కాళ్ళు నీళ్ళను తాకాయి.

అప్పటికి తాయారుకు సంగతి అర్థమైంది. "అచ్చియ్యమ్మ పిన్నీ! ఇది బస్సు కాదు! ఆగమని కాదు, పట్టుకోమంటున్నాడు!" అని ఇంజను మోతను మించి కేక వేసింది.

మూడోసారి తాడు వచ్చింది. అచ్చియ్యమ్మ దాన్ని ముందు చుక్కి నడుముకు చుట్టి, తర్వాత తన చేతికి చుట్టుకుంది. ఇద్దరినీ పడవలోకి లాగారు.

బడిలో వరద బాధితులకు బస ఏర్పాటు చేశారు. చుక్కిని గోనెపట్టా మీద పడుకోబెట్టి తుడుస్తూ అచ్చియ్యమ్మ సణిగింది. "ఆగడానికీ అదే, పట్టుకోవడానికీ అదేనా? వాళ్ళ భాషలో మాటలకు అంత కరువా తాయారూ?"

"మన పట్టు అనే మాట మాత్రం తక్కువ తిందా పిన్నీ? చెమట పట్టింది అంటాం, తుప్పు పట్టింది అంటాం, నిద్ర పట్టింది అంటాం. చెప్పు, వీటిలో ఎవరు ఎవర్ని పట్టుకున్నారు?"

అచ్చియ్యమ్మ చూపంతా దూడ మీదే ఉంది. చుక్కి ఒళ్ళు మంచులా ఉంది, కళ్ళు సగం మూతపడ్డాయి. తాయారు తెచ్చిచ్చిన పాలసీసాను ఆవిడ దాని నోటికి పెట్టింది. పాలు పెదవి పక్కనుంచి కారిపోయాయి. కాసేపాగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ కారిపోయాయి.

"ఇది కూడా వెళ్ళిపోతుందే తాయారూ" అంది, చాలా మెల్లగా.

అప్పుడు జవాను వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. తన పొడి కంబళిని దూడ మీద కప్పాడు. అచ్చియ్యమ్మ వైపు చూసి, ఈసారి అరవకుండా, "హోల్డాన్" అన్నాడు.

"ఇప్పుడేమంటాడే? ఆగమంటాడా? పట్టుకోమంటాడా?"

"రెండూ కాదు పిన్నీ. ఓపిక పట్టమంటున్నాడు."

అచ్చియ్యమ్మ ఓపిక పట్టింది. చుక్కి తలను ఒళ్ళోకి తీసుకుని, కంబళి కింద దాని డొక్కలు రుద్దుతూ కూర్చుంది. ఎవరో అన్నం తెచ్చారు, వద్దంది. ఎవరో "వదిలెయ్యి అత్తా, లాభం లేదు" అన్నారు, విననట్టే ఉంది. చాలాసేపటికి దూడ చెవి ఒకటి కదిలింది. ఆవిడ వేలిని పాలలో ముంచి దాని నోట్లో పెట్టింది. గరుకు నాలుక వేలి చుట్టూ మెల్లగా తిరిగింది.

అప్పుడు మూడోసారి సీసా పెట్టింది. ఒక గుక్క దిగింది. ఇంకో గుక్క దిగింది. ఆ తర్వాత ఆగితే ఒట్టు! సీసా ఖాళీ అయ్యాక కూడా, పొదుగును కుమ్మినట్టు చుక్కి ఆవిడ మోకాలిని ఒకటే కుమ్ముడు.

"ఉండవే దొంగముండా, తెస్తున్నా!" అంటూ అచ్చియ్యమ్మ కొంగు దోపుకుని, పాలగిన్నె ఉన్న గదికి గబగబా నడిచింది.

కథేమో కంచికి,
పాలేమో చుక్కికి,
మనమేమో ఇంటికి,
కునుకేమో కంటికి.