వాపు లేదు

మూత తీయగానే దస్తగిరికి తెలిసిపోయేది. అదే అతని కష్టం.

తెలియకూడదనే అంత ఏర్పాటూ చేశారు. సీసాలన్నీ ఒకటే రకం. మూతల మీద అంకెలు తప్ప ఇంకేమీ లేవు. సగం సీసాల్లో హకీం సాబ్ గుండె లేహ్యం, సగం సీసాల్లో అదే రంగులో, అదే తీపిలో ఉత్త బెల్లం పాకం. ఎవరు ఏది తింటున్నారో తినేవాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. ఆ అంకెల గుట్టంతా పెద్దాసుపత్రిలో ఒక బీరువాలో ఉంది. వాసన పట్టి చెప్పలేకుండా రెండింటిలోనూ కుంకుమపువ్వు కలిపారు. కానీ దస్తగిరి పదకొండేళ్లుగా ఆ లేహ్యాన్ని కల్వంలో నూరిన మనిషి. కుంకుమపువ్వు వెనకాల నక్కి ఉండే చిరుచేదు వాసన అతని ముక్కుకు అందేది.

ఆ సంగతి మొదటి రోజే ఈ పరీక్ష నడిపే డాక్టరమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు.

హకీం ఖలీలుల్లా సాబ్ దవాఖానా ఆదోనిలో, పత్తి మార్కెట్టు వెనక సందులో ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఆయన నాడి పట్టుకుని కళ్లు మూసుకుంటే ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకునేవాడు. మార్కెట్లో మూటలు మోసే రోజుల్లో దస్తగిరి ఒకసారి రొప్పుతున్న తల్లిని ఎత్తుకుని ఆ గుమ్మం ఎక్కాడు. ఆమె ఇంకో ఆరేళ్లు బతికింది. దస్తగిరి మాత్రం మళ్లీ మూటల జోలికి పోలేదు. ఆయన దగ్గరే ఉండిపోయాడు.

పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు సుభాషిణి మరో మూడు ఊళ్ల డాక్టర్లతో కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టింది. ఈ ఎండల్లో కూలి చేసుకునే జనానికి గుండెలు ఇంత తొందరగా ఎందుకు నీరసిస్తున్నాయి, ఏ మందుకు ఎంత తేరుకుంటున్నాయి అని. ఆదోనిలో గుండె దడ అంటే జనం ముందు హకీం సాబ్ దగ్గరికే వెళ్తారని విని, ఆమె స్వయంగా వచ్చి ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మా మాత్రలు అందరికీ ఇస్తాం సాబ్. వాటికి తోడు మీ లేహ్యం సగం మందికి ఇద్దాం. రెండేళ్లు చూద్దాం. ఏది నిజమైతే అదే రాద్దాం."

హకీం సాబ్ అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. దస్తగిరికే అది మింగుడుపడలేదు. ఇన్ని వందల మంది తిన్న మందుకు ఇంకా పరీక్ష ఏమిటి? పైగా మొదటి మీటింగులో ఒక కుర్ర డాక్టరు సీసా ఎత్తి చూసి, "హల్వా బాగుంది" అని నవ్వాడు. హకీం సాబ్ కూడా నవ్వారు. దస్తగిరికి ఆ నవ్వు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

వారం వారం అరవై రెండు ఇళ్లు తిరగడం అతని పని. బరువు, రక్తపోటు, కాళ్ల వాపు, ఆరు నిమిషాల్లో ఎన్ని అడుగులు నడిచారు అన్నీ చూసి ఫారంలో నింపాలి. కాళ్లలో నీరు కనబడితే ఆ రోజే డాక్టరమ్మకు ఫోన్ చేయాలి. ఆ ఒక్క మాట ఆమె మూడుసార్లు చెప్పింది.

మొదట్లో ఉన్నదున్నట్టే రాశాడు. తర్వాతొక రోజు, లేహ్యం తింటున్న ఒక ముసలాయన మూడువందల తొంభై అడుగులు నడిచాడు. నాలుగువందలని రాస్తే ఏం పోయింది అనిపించింది. రాశాడు. బెల్లం పాకం తింటున్న పక్కింటావిడకు ఓ పది తగ్గించాడు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే అటు వంగడం నేర్చుకుంది. అబద్ధం రాస్తున్నానని అతనికి అనిపించలేదు. సాబ్ మాట నిలబెడుతున్నాననే అనుకున్నాడు.

ఇట్లా ఏడాదిన్నర గడిచింది.

ఒక సోమవారం ఉరుకుందమ్మ ఇంటికి వెళ్లాడు. ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో పత్తి ఏరిన మనిషి. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"కాళ్లు బరువుగా ఉండాయి నాయనా. మెట్టెలు చూడు, ఎట్లా బిగుసుకుపోయినాయో. రాత్రి పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే మేలు."

దస్తగిరి వంగి ఆమె కాలి మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక గుంట అట్లాగే ఉండిపోయింది. అతను చూపు తిప్పుకుని గూట్లో ఉన్న సీసా తెచ్చి మూత తీశాడు. చిరుచేదు వాసన వచ్చింది.

"ఉప్పు మిరపకాయలు తిన్యావా అవ్వా?"

"రెండు తింటి. సప్పిడి కూడు ఎన్ని దినాలు తినేది?"

"అదే మరి. ఉప్పు మానెయ్. తగ్గిపోతాది."

"అంతేనంటావా?"

"అంతే."

బరువు రెండు కిలోలు పెరిగింది. పోయిన వారం బరువే మళ్లీ వేశాడు. 'వాపు' అని ఉన్నచోట కలం ఒక్క క్షణం ఆగింది. 'లేదు' అని రాశాడు. గురువారం మళ్లీ వచ్చి చూద్దాంలే అనుకుంటూ సైకిలెక్కాడు. ఫోన్ చేయలేదు.

బుధవారం పొద్దున ఉరుకుందమ్మను కొడుకు ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అప్పటికే పెదాలు నీలంగా మారాయి.

కబురు తెలిసి హకీం సాబ్ దస్తగిరిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు బయల్దేరారు.

డాక్టర్ సుభాషిణి వాళ్లను తన గదిలో కూర్చోబెట్టింది. ఉరుకుందమ్మ కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాయి.

"ప్రాణగండం తప్పినట్టే. కానీ నాకొకటి అంతుపట్టడం లేదు సాబ్. సోమవారం చూస్తే బరువు పెరగలేదు. వాపు లేదు. రెండు రోజుల్లో ఊపిరితిత్తుల నిండా నీరు చేరింది. గుండె ఇట్లా ఉన్నట్టుండి చేతులెత్తేసిందంటే మనకు తెలియని కారణం ఇంకేదో ఉన్నట్టే. మిగతా మూడు ఊళ్ల డాక్టర్లకు ఇవాళే రాస్తున్నాను, ఇట్లాంటివి వాళ్లకూ తగిలాయేమో వెతకమని."

ఆమె గొంతులో అలసట ఉంది. ఏదో కొత్తది దొరకబోతోందన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశే దస్తగిరిని కోసింది. నాలుగు ఊళ్ల డాక్టర్లు లేని కారణం కోసం వెతకబోతున్నారు. నోరు తెరవాలనుకున్నాడు.

"దస్తగిరి చాలా శ్రద్ధగా రాస్తాడు. అందుకే దీన్ని కొట్టిపారేయలేకపోతున్నా," అంది ఆమె.

అతను నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. హకీం సాబ్ అతనికేసి ఒకసారి చూశారు.

వార్డులో ఉరుకుందమ్మ మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. హకీం సాబ్‌ను చూసి చేతులు జోడించబోయింది. ఆయన వద్దని పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆమె చూపు ఆయన వెనక నిలబడ్డ దస్తగిరి మీద పడింది.

"ఆ పిల్లోణ్ణి ఏమీ అనాకండి సాబూ," అంది రొప్పుతూ. "నేనే సరిగ్గా చెప్పలేదేమో."

అప్పటిదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

హకీం సాబ్ స్టూలు ఆమె కాళ్ల దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, "కాలు ఒకసారి చూడనా తల్లీ?" అని అడిగి, దుప్పటి కొంచెం పక్కకు జరిపారు. వంగి ఆమె మోకాలి కింద ఎముక మీద బొటనవేలు ఆనించి నొక్కి, తీశారు. గోలీ పట్టేంత గుంట పడింది.

"ఇట్లా రా బేటా."

దస్తగిరి వచ్చాడు.

"ఇది పూడేదాకా లెక్కపెట్టు. పైకి వినబడేలా."

దస్తగిరి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఒకటి... రెండు... మూడు..."

పక్క మంచం మీది మనిషి తల తిప్పి చూశాడు. మాత్రలు ఇస్తున్న నర్సు ఆగింది. పది దాటింది. గుంట అట్లాగే ఉంది. ఇరవై. ఉరుకుందమ్మ ఏమీ అర్థం కాక ఒకసారి హకీం సాబ్ కేసీ, ఒకసారి దస్తగిరి కేసీ చూస్తోంది. ముప్పై దగ్గర దస్తగిరి ఆగాడు.

"ఇంకా పూడలేదు," అన్నారు హకీం సాబ్, మెల్లగా.

"ముప్పై ఒకటి... ముప్పై రెండు..."

నలభై మూడుకు చర్మం మళ్లీ సమానమైంది.

"ఎంత?"

"నలభై మూడు, సాబ్."

"రాయి."

దస్తగిరి సంచిలోంచి ఫారం తీశాడు. రాసి, తల ఎత్తకుండానే అన్నాడు. "సోమవారం కూడా ఉండింది సాబ్. నొక్కి చూసినా. లేదని రాసినా."

"అదొక్కటేనా?"

"కాదు."

"ఎన్ని?"

"నాకే లెక్క తెలీదు సాబ్."

హకీం సాబ్ దుప్పటి మళ్లీ ఉరుకుందమ్మ కాళ్ల మీదికి లాగి, అంచులు సరిచేశారు. లేచి, "పద. డాక్టరమ్మకు నువ్వే చెప్పాల," అన్నారు.

డాక్టర్ సుభాషిణి అన్నీ విన్నది. ముక్కుకు వాసన తెలియడం దగ్గర్నుంచి ఫోన్ చేయకపోవడం దాకా దస్తగిరి నిలబడే చెప్పాడు. ఆమె తిడుతుందేమో అనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మూడు ఊళ్లకు రాసిన ఉత్తరాన్ని చింపి బుట్టలో వేసింది. బీరువా తెరిచి ఆదోని కాగితాల కట్టలన్నీ తీసి విడిగా ఒక అట్టపెట్టెలో పెట్టసాగింది. అరవై రెండు మందివి. చాలాసేపు పట్టింది. దస్తగిరి సాయం చేయబోతే, "వద్దు, ముట్టుకోకు," అంది. గొంతు పెంచలేదు.

"ఇవన్నీ పనికిరావు సాబ్," అంది చివరికి. "మీ ఊరివాళ్లను ఇకమీదట మా మనుషులే వచ్చి చూసుకుంటారు. కానీ లేహ్యం సంగతి ఇక తెలియదు. పనిచేస్తుందని చెప్పలేను. చేయదనీ చెప్పలేను. ఆదోని కాగితాల్లో పొరపాట్లు దొర్లినందువల్ల తీసేశామని రాస్తాను."

"పొరపాట్లు కాదు," అన్నారు హకీం సాబ్. "అబద్ధాలని రాయండి. ఖలీలుల్లా దవాఖానా అని పేరు కూడా రాయండి."

"సాబ్, నా పేరు..." అన్నాడు దస్తగిరి.

"నీ పేరెవరికి తెలుసు?" అన్నారు ఆయన. మాటలో కోపం లేదు.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. హకీం సాబ్ కిటికీలోంచి చేలను చూస్తున్నారు. చాలా దూరం వచ్చాక దస్తగిరి ఉండబట్టలేక అన్నాడు.

"మీ మందు మంచిదని నాకు తెలుసు సాబ్. తెలిసే, ఆ కాగితం కాదనకూడదని..."

"నీకెట్లా తెలుసు?"

దస్తగిరి తెల్లబోయాడు. "మీరే చెప్పినారు గదా."

హకీం సాబ్ మళ్లీ కిటికీ వైపు తిరిగారు. ఆదోనిలో బస్సు దిగేటప్పుడు ఆయన కాలు తడబడింది. దస్తగిరి పట్టుకోబోతే, ఒక క్షణం ఆలోచించి, భుజం మీద చెయ్యి వేశారు.

తొమ్మిదో రోజున ఉరుకుందమ్మ ఇంటికొచ్చింది. దస్తగిరి ఆమె వాకిట్లోకి వెళ్లి, చేసిందంతా చెప్పాడు. ఆమె సగం విని, "పోనీలే నాయనా, బతికినా గదా," అని మజ్జిగ తేబోయింది. ఆ మజ్జిగ తాగడం అతనికి చేతకాలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి వచ్చేశాడు.

దవాఖానాకు తిరిగొచ్చేసరికి హకీం సాబ్ ముందు కౌతాళం నుంచి వచ్చిన ఒక రైతు కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్లుగా లేహ్యం తింటున్నవాడే. ఈసారి తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చాడు. తమ్ముడికి నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"వీనిక్కూడా ఇది పనిచేస్తాది గదా సాబూ?" అన్నాడు అన్న, సీసా వంక చూపిస్తూ.

హకీం సాబ్ తమ్ముడి నాడి వదిలిపెట్టారు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"తెలీదు నాయనా."

రైతుకు సరిగ్గా వినబడలేదేమోననిపించింది. "ఏమంటిరి?"

"నాకు తెలీదు. నలభై ఏళ్లుగా ఇస్తున్నా. పనిచేస్తుందని చెప్తూనే ఉన్నా. నిజంగా చేస్తుందో లేదో నాకు తెలీదు. ముందు మీ తమ్ముణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపో. డాక్టరమ్మకు నేను చీటీ రాసిస్తా."

రైతు నవ్వబోయి మానుకున్నాడు. ఆయన వంకా, తలుపు దగ్గర నిలబడ్డ దస్తగిరి వంకా చూశాడు. దస్తగిరి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ చీటీ తీసుకుని, వాకిట్లో ఏదో గుసగుసలాడుకుంటూ వెళ్లిపోయారు.

హకీం సాబ్ తలపాగా తీసి పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నారు.

"ఆ ఒక్క మాట అనేసరికి గొంతెండిపోయింది," అన్నారు. "కొంచెం నీళ్లివ్వు బేటా."