కంటకవేణి కొన్న పాత కారు

అనగనగా, అడవిలో మట్టిబాటలు పోయి తారురోడ్డు పడిన కొత్తల్లో, కొండకు ఈవల ఒక ముళ్ళపంది ఉండేది. పేరు కంటకవేణి. కొండకు ఆవల పిల్లజంతువుల బడి ఉండేది. ఆ బడిలో మధ్యాహ్నం వంట ఆమెదే. కందగడ్డ పులుసు పెట్టిందంటే కుందేలు పిల్లలు కంచాలు కూడా నాకేసేవారు.

రోజూ బస్సెక్కి వెళ్ళేది. కూర్చుంటే ముళ్ళు దిగి సీటు చిరిగేది. నిలబడితే పక్కవాళ్ళకు గుచ్చుకునేది. ఒకనాడు కండక్టరు దున్నపోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిన్నెక్కించుకుంటే నా బస్సు జల్లెడవుతుంది. దిగమ్మా, దిగు!"

ఆనాడు కంటకవేణి కొండ దాటి నడిచి వెళ్ళేసరికి పొద్దు వాలింది. పిల్లలు ఖాళీ కంచాలు ముందేసుకుని కూర్చున్నారు. బడి పెద్ద బాతు పంతులమ్మ మంచిదే, కానీ ఖచ్చితమైన మనిషి.

"కంటకవేణీ, నీ వంటకు వంక లేదు. కానీ ఆకలి ఆగదు కదా. పౌర్ణమిలోగా వేళకు వచ్చే దారి చూసుకో. లేకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదు."

"చూసుకుంటాను పంతులమ్మగారూ. ఇక ఎవరి బస్సూ ఎక్కను. నా కారులో నేనే వస్తాను."

కొత్త కారు కొనే తాహతు ఆమెకు లేదు. అందుకని పాత కార్లు అమ్మే పునుగుపిల్లి గంధరాజు దగ్గరకు బయలుదేరింది. పక్కచెట్టు మీది కాకి తోకలా వెంటబడింది.

"వదినా, పాత కారంటే ముసలి ఏనుగును మేపడమే! పైగా నువ్వు డ్రైవరువా? పెట్రోలు కన్నా ముందు నీ సీటు అయిపోతుంది."

"నవ్వుకో. నవ్వడానికి పెట్రోలు అక్కర్లేదుగా!"

గంధరాజు కొట్టు ముందు, నీడలో, ఎర్రకారు ఒకటి తళతళలాడుతోంది. దానికి బంతిపూల దండ. చక్రాల కింద అప్పుడే నిమ్మకాయలు కూడా పెట్టేశాడు. తలుపు తీస్తే గుప్పుమని పునుగు వాసన.

"రండి అక్కగారూ! డాక్టరు కొంగగారి చేతి బండి. గుడికి తప్ప తీసి ఎరుగరు." తాళం తిప్పాడు. కారు పిల్లిలా గురగురమంది. "ఇంకాసేపుంటే వర్జ్యం వచ్చేస్తుంది. నిమ్మకాయలు తొక్కించి తీసుకుపోండి!"

కంటకవేణి కారు ముందు మూత మీద అరచెయ్యి పెట్టింది. వంటమనిషి చెయ్యి కదా, పొయ్యి సంగతి దానికి తెలుసు.

"నీడలో ఉన్న బండి ఇంత కాగిందేం తమ్ముడూ?"

"గాలి వేడి అక్కగారూ!"

ఇందులో కిటుకేమిటంటారా? చెబుతాను. జబ్బు చేసిన ఇంజను చల్లగా ఉన్నప్పుడు లేవలేక మూలుగుతుంది. ఎలాగో లేపి కాసేపు తిప్పారనుకోండి, ఒళ్ళు వేడెక్కి ఆ మూలుగు అణిగిపోతుంది. కొనేవాడు వచ్చేలోపు మాయగాడు ఆ పని కానిచ్చేస్తాడు.

"రేపొస్తాను. నేను వచ్చేదాకా తాళం తిప్పకు," అంది కంటకవేణి.

మర్నాడు తెల్లవారుతూనే వచ్చి చెయ్యి పెట్టింది. వేడి!

"మంచు పడింది కదాని కాస్త చలి కాచుకోనిచ్చాను," అన్నాడు గంధరాజు.

"కారుకు జ్వరమేమో వదినా, కషాయం పట్టు!" అంది కాకి.

మూడోనాడు సంత. కొట్టు నిండా జనం. కంటకవేణి చెయ్యి పెట్టింది. మళ్ళీ వేడే! ఇక ఆమె కారుకు ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"ఇది చల్లారేదాకా నేను కదలను."

గంధరాజు ముందు బతిమాలాడు. తరువాత కసిరాడు. ఆఖరికి చెయ్యి పట్టి లేపబోయాడు. జివ్వున ముళ్ళు లేచాయి. ఎగిరి అవతల పడ్డాడు. సంతకొచ్చిన దున్నపోతు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బస్సు దింపేస్తే కారు ముందు కూర్చుందిరోయ్!"

జనమంతా నవ్వారు. కంటకవేణికి చెవులు మండిపోయాయి. ఆ రాత్రే పౌర్ణమి. 'ఇదే కొనేస్తే రేపు వేళకు బడిలో ఉంటాను,' అనుకుంది. 'రేపు సరే. ఎల్లుండి ఇది కొండ మీద ఆగిపోతే? ఆ పిల్లల కంచాల్లోకి ఈ పునుగు వాసన వడ్డించనా?' పళ్ళు బిగబట్టి అలాగే కూర్చుంది.

నీడలు జరిగాయి. నవ్వినవాళ్ళకు దవడలు నొప్పెట్టాయి. అప్పుడు చెయ్యి పెట్టి చూస్తే కారు కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

"ఇప్పుడు తిప్పు తమ్ముడూ."

తిప్పాడు. కిర్ కిర్! మళ్ళీ తిప్పాడు. ఖళ్ళు ఖళ్ళున దగ్గింది. మూడోసారి తిప్పితే భళ్ళున నల్లటి పొగ కక్కింది. గంధరాజు మీసాలు మసిబారాయి. కొనడానికి సంచీ విప్పిన అడవిపంది సంచీ మూతి కట్టేసుకుని మెల్లగా జారుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

కంటకవేణి చుట్టూ చూసింది. "ఆ మూల దుమ్ము కొట్టుకుని ఉన్నదేమిటి?"

"అదా? మొన్ననే ఎలుగుబంటి వదిలిపోయాడు. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. దాన్నెవరు కొంటారక్కా?"

"చిరిగిన సీటును నేనింకేం చింపుతాను? తాళం ఇలా తే."

చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. ఒక్క తిప్పుకే డుగ్గుమని అందుకుంది. వంగి అడుగున చూసింది. నాలుగు వైపులా తిప్పింది. బ్రేకు తొక్కితే మాట విన్న పిల్లాడిలా ఆగింది. న్యాయమైన ధర చేతిలో పెట్టి అంది:

"ఎర్రకారు కింది నిమ్మకాయలు ఇటు తెచ్చి పెట్టు తమ్ముడూ."

"ఇప్పుడు వర్జ్యం అక్కగారూ..."

"బండి మంచిదైతే వర్జ్యమే పక్కకు తప్పుకుంటుందిలే!"

నిమ్మకాయలు ఫట్ ఫట్‌మన్నాయి.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర కారు నెమ్మదించింది. దున్నపోతు మొహం తిప్పుకున్నాడు. కాకి మాత్రం గెంతుకుంటూ వచ్చింది.

"వదినా, నన్నూ ఎక్కించుకోవా?"

"ఎక్కు. ముళ్ళున్నాయి, చూసి కూర్చో. నా కారులో సర్దుకోవలసింది నువ్వే!"

ఆనాడు బడిలో అన్నం గంట మోగేసరికి పులుసు కంచాల్లో పొగలు కక్కుతోంది.

పిల్లలూ, నలుగురూ నవ్వుతున్నారని పరీక్ష మానినవాడు మోసపోతాడు; నిజం తేలేదాకా కదలనివాడే గెలుస్తాడు.