ఊరుకోని చెయ్యి

కూర్చోబెట్టి చెప్పడం వీరదాసు గారికి చేతకాదు. ఎవరు ఏ సందేహం అడిగినా "పద, నడుస్తూ చూద్దాం" అంటారు. ఆయన వెంట తిరిగి తిరిగి శిష్యుల కాళ్ళయితే గట్టిపడ్డాయి. సందేహాలు ఎన్ని తీరాయో వాళ్ళే చెప్పాలి.

ఆ యేడు వానలు తగ్గుముఖం పట్టాక ఆశ్రమానికి పైడిరాజు వచ్చాడు. ఒకప్పుడు కబడ్డీలో అతని పేరు వింటేనే కూతకు వచ్చేవాడి ఊపిరి సగం అయిపోయేది. కోర్టులో ఎడమ కార్నర్ అతనిది. చీలమండ చేతికి దొరికిందా, ఇక ఉడుంపట్టే. పెద్ద పెద్ద లీగు జట్లు జీతమిచ్చి ఆడించుకున్నాయి. ఎక్కడికి పిలిచినా అతనిది ఒకటే షరతు, పక్కన తన జోడీ తవుడు ఉండాలి. కూతగాడు వచ్చినప్పుడు కార్నర్‌వాడూ పక్కవాడూ చేతులు పట్టుకుని కాస్తారు కదా, పైడిరాజు కుడిచెయ్యి ఏళ్ళ తరబడి తవుడి ఎడమచేతిలోనే ఉంది. చిటికెనవేలు విరిగి వంకరగా అతుక్కున్న చెయ్యి అది. కళ్ళు కూతగాడి మీద ఉన్నా, తవుడి మనసులో ఏముందో ఆ వేలే చెప్పేది.

ఆ తవుణ్ణి కామెర్లు తీసుకుపోయాయి. తర్వాత పక్కన ఎవరు నిలబడినా పైడిరాజుకు ఆ చెయ్యి పరాయిదిగానే తోచింది. పట్టు అరక్షణం ఆలస్యమయ్యేది. కబడ్డీలో కొంప మునగడానికి అరక్షణం చాలు. ఆట మానేశాడు. మానేసినా కుడిచెయ్యి మానలేదు. బస్సులో, పెళ్ళిపందిట్లో, ఆఖరికి నిద్రలో కూడా పక్కకు జరిగి, ఖాళీలో వేళ్ళు ముడిచేది. భార్య తన చెయ్యి అందిస్తే తడిమి చూసి వదిలేసేవాడు. ఆవిడ మర్నాడు మళ్ళీ అందించేది. అందుకే అతనికి మరీ సిగ్గుగా ఉండేది.

"అయ్యగోరూ, మనిసి పోయి ఇన్నేళ్ళయిపోనాది. ఈ సెయ్యి ఎప్పుడు ఊరుకుంటాది?" అని అడిగాడు పైడిరాజు.

వీరదాసు గారు చెప్పులు విప్పి అరుగు కింద పెట్టారు. "వాగు దాటి వద్దాం పద" అన్నారు.

వాగు నడుము లోతున పారుతోంది. వృద్ధుడాయన, తన ఎడమచేత్తో శిష్యుడి కుడిచెయ్యి పట్టుకుని దిగారు. నడివాగుకు వచ్చేసరికి పైడిరాజుకు దుఃఖం పొంగుకొచ్చింది. తన చేతిలో ఉన్న చేతికి ఆ వంకర వేలు లేదు. ఉండదని తెలుసు. తెలిసీ వేళ్ళు వెతికాయి. వెతుకుతూ వెతుకుతూ పట్టు సడలించాయి.

అదే సమయానికి పాచిరాయి మీద గురువుగారి కాలు జారింది. చెయ్యి ఊడింది, మనిషి నీళ్ళలో మునిగి కొట్టుకుపోబోయారు. పైడిరాజు ఆలోచించలేదు. విసురుగా ఒంగి, దొరికిన చీలమండ దొరికినట్టే పట్టేశాడు. గురువు పాదాలు పట్టుకున్న శిష్యులు లోకంలో చాలామందే ఉంటారు గాని, ఈ విధంగా పట్టుకున్నవాడు బహుశా ఇతనొక్కడే. అలాగే దగ్గరికి లాగి, లేవనెత్తి, భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చాడు.

వీరదాసు గారు చాలాసేపు దగ్గారు. తాగిన నీళ్ళన్నీ కక్కాక ఉత్తరీయం పిండుకున్నారు. పైడిరాజు ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పయిపోనాది అయ్యగోరూ. నానే సెయ్యి ఒగ్గేసినాను."

"నన్ను పట్టింది ఏ చెయ్యి?"

"ఎడం సెయ్యండీ."

"అప్పుడు కుడిచెయ్యి ఏం చేస్తోంది?"

పైడిరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోకుండా చెప్పాడు. "తవుణ్ణి ఎతుకుతన్నాదండీ."

గురువుగారు కందిన చీలమండను మెల్లగా నిమురుకున్నారు.

"వెతుక్కోనీ నాయనా" అన్నారు.