చేచిక్కురేవు వాలుగమ్మ తల్లి

చేచిక్కురేవుకు వచ్చే భక్తులు చెప్పులు విడిచేది గుడి గుమ్మం ముందు కాదు, నీటి అంచున. ఇక్కడ గోపురం లేదు, గర్భగుడికి తలుపు లేదు. ఏరు వంపు తిరిగి మడుగు కట్టిన చోట, మోకాలి లోతు నీటిలో ఒక నల్లబండ ఉంది. ఆ బండ మీద నోరు తెరిచిన వాలుగ చేప రూపంలో అమ్మవారు కొలువై ఉంది. దవడల మధ్య నుండి చిన్న చేప తోక బయటికి కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారు కొందరు "ఇదేమి దేవత, తింటూ ఉందే!" అని తడబడతారు. అర్చన చేసే పల్లెకారుల ఆడవారు "అవునండీ, తింటుంది. మాకూ తినడం నేర్పింది" అని బదులు చెబుతారు.

పూర్వం ఇక్కడ ముప్పై గడపల పల్లెకారులు ఏటి చేపలనే నమ్ముకుని బతికేవారు. ఎగువన ఉన్న కోటలో ముకుందరాయుడనే దొర ఉండేవాడు. ఒక వేసవిలో ఏరంతా ఎండి, ఈ మడుగులో మాత్రమే నీరు మిగిలింది. మడుగులోని చేప మొత్తం కోట వంటశాలకేనని దొర చాటింపు వేయించాడు. అతని భటులు గుడిసె గుడిసెకూ తిరిగి వలలూ గాలాలూ లాక్కుని రేవులోనే తగలబెట్టారు. పోతాలు అనే ఇల్లాలి భర్త వారికి అడ్డుపడి, దెబ్బలు తిని మంచాన పడ్డాడు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. తట్టలల్లే ముసలి అత్త సుబ్బాలు అల్లిన తట్టలు కొనేవారు లేరు.

పోతాలు రోజూ పొద్దు వాలే వేళ మడుగు ఒడ్డున కూర్చుని ఆకలితో నీళ్లకేసి చూసేది. ఆమె చూసినది ఒక పెద్ద వాలుగను. అది బండ కింద బురద రంగులో బురదలాగే పడి ఉండేది. దేనినీ తరిమేది కాదు. పొడవాటి మీసాలను నీటిలో చాచి, దాపుకు వచ్చిన చేప కదలికను వాటితోనే పసిగట్టేది. అంతలో నోరు తెరిచేది. నీటితో పాటు చేప కూడా ఆ నోట్లోకి జారిపోయేది. ముళ్లున్న జెల్ల చేప చిక్కినా వాలుగ బెదిరేది కాదు. దానిని నోటిలోనే తిప్పుకుని తల వైపు నుండి మింగేది. ముళ్లు వెనక్కి ముడుచుకుని లోపలికి పోయేవి.

ఒకనాడు ఆ వాలుగ పెద్ద జెల్లను నోట కరచుకుని ఒడ్డుకు దగ్గరగా వచ్చింది. పిల్లలు గుర్తుకు వచ్చి, పోతాలు దాని నోటిలో చెయ్యి పెట్టింది. చెయ్యి సులువుగానే లోపలికి పోయింది. వెనక్కి లాగబోతే, లోపలికి వాలి ఉన్న సన్నని పళ్లు ఎక్కడికక్కడ పట్టుకున్నాయి. చర్మం చీరుకుపోయి నెత్తురు కారింది కానీ జెల్ల చేతికి రాలేదు.

మరునాటి మధ్యాహ్నం గాయానికి పసుపు కట్టుకుని పడుకున్న ఆమెకు కలలో వాలుగమ్మ తల్లి కనిపించి, "నా నోరు చూశావుగా. ఏడుస్తూ పడుకున్నావేం? లేచి అల్లు" అని పలికిందట.

పోతాలు లేచి అత్త ముందు వెదురు బద్దలు పోసింది. ఇద్దరూ మూడు రోజులు అల్లారు. ముందు వైపు వెడల్పాటి నోరు. నోటి లోపల మొనలన్నీ లోపలికి వాలిన పుల్లలు. వెనక ఒక మూత.

"ఇది తట్టా, బుట్టా?" అని అడిగింది సుబ్బాలు.

"నోరు, అత్తా."

ఆ వెదురు నోటిని బండ పక్కన బురదలో దించారు. తెల్లవారేసరికి నిండా చేపలు. వారం తిరిగేసరికి ముప్పై గడపల నుండీ ముప్పై నోళ్లు మడుగులో దిగాయి. గూడెంలో మళ్లీ పొయ్యిలు వెలిగాయి.

సంగతి తెలిసి దొర స్వయంగా వచ్చాడు. "వల వేయవద్దన్నానా లేదా?" అని గద్దించాడు.

"వల వేయలేదు దొరా, గాలమూ వేయలేదు. తమరే చూసుకోండి" అంది పోతాలు.

లోపల వల దాచారని అనుమానించి, దొర నీటిలోకి దిగి ఒక వెదురు నోటిలో చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా పోయింది. తిరిగి రాలేదు. భటులు కత్తులు ఆడించిన కొద్దీ పుల్లలు మరింత లోతుగా దిగాయి. ఈలోగా గూడెంలోని ఆడవారంతా నీటిలోకి దిగి చుట్టూ నిలబడ్డారు.

"వెనక మూత తీసి, లోపలి నుండి పుల్లలు విడదీయాలి దొరా. అది మాకే తెలుసు. మడుగు ఎవరిదో తమ నోటితో చెప్పండి, విప్పుతాను" అంది పోతాలు.

"నీ తల తీయిస్తాను!"

"తీయించండి. కోడలి తల తీసినవాడికి మా అత్త మాత్రం మూత విప్పదు."

దొర పళ్లు బిగించి నిలబడ్డాడు. పొద్దు వాలింది. వాలుగ వేటకు కదిలే వేళ అయింది. చల్లని మీసం ఒకటి అతని పిక్కను తాకి, ఆగి, మళ్లీ తాకింది. దొర వంగి చూశాడు. పాదం పక్కన బురద నోరు తెరుచుకుంటోంది.

"మీదే! మడుగు మీదే!" అని అతడు పెట్టిన కేక కోట దాకా వినిపించిందంటారు.

పోతాలు మాట తప్పలేదు. మూత విప్పి చేయి విడిపించి, చేపల పులుసుతో అన్నం పెట్టి మరీ పంపింది. కోలుకున్న ఆమె భర్త తరువాత ఆ నల్లబండను అమ్మవారి రూపంగా మలిచాడు. దొర చెయ్యి చిక్కిన ఆ రేవే చేచిక్కురేవు అయింది.

నేటికీ జ్యేష్ఠ పౌర్ణమి నాడు కొత్త వెదురు నోటికి పసుపు కుంకుమలు పెట్టి మడుగులో దించుతారు. కోట వంశంవారు వచ్చి అందులో చెయ్యి పెట్టి మడుగు ఎవరిదో చెప్పిన తరువాతే ప్రసాదం వడ్డన మొదలవుతుంది. ఒక ఏడాది వారు తమకు బదులు గుమాస్తాను పంపితే, "చిక్కిన చెయ్యి మీది కాదు బాబూ" అని ఆడవారు అతణ్ని తిప్పి పంపారు.

ఇక్కడ మొక్కుకునేవారు చేతులు జోడించరు. కుడి చేతిని తల్లి నోటిలో ఉంచి, తమ చేయి దాటిపోతున్నది ఏదో, పొలమైనా ఇల్లైనా బిడ్డైనా, అది తమదని పైకి చెబుతారు. అలా చెప్పినవారికి ఎవరి ముందూ మాట తడబడదని నమ్మకం. గొణిగితే అర్చకురాలు ఒప్పుకోదు.

"గట్టిగా చెప్పమ్మా, అవతలి ఒడ్డుకు వినబడాలి" అంటుంది.