ఊపు లేని కొత్త కారు

దరియావలి మెకానిక్ షెడ్డు ఉన్న స్థలం రైసుమిల్లు యజమాని నాగభూషణం గారిది. ఆయన తన పాత చిన్న కారు ఉండగానే, అదే రకంలో కొత్త మోడల్ కూడా కొన్నారు. మొదటి సర్వీసు దరియావలి చేత చేయించి, మర్నాడే మండిపడుతూ వచ్చారు.

"పాతదాంట్లో యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. ఇందులో ఆ ఊపే లేదు. ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బోని నువ్వే మార్చేశావు. షెడ్డు ఖాళీ చెయ్యి."

"చేస్తానయ్యా. ముందు కొండమీది మలుపు దాకా పాతది మీరు నడపండి, కొత్తది అమ్మగారు నడుపుతారు. మీరు ముందు చేరితే ఇవాళే వెళ్లిపోతాను."

ఆయన భార్య అనసూయమ్మ కారు నేర్చుకుని నెలే అయింది. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. దరియావలి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఎత్తు మొదలవగానే పాత కారు కాసేపు మూలిగి, ఆ తర్వాత ఒక్క దూకు దూకింది. ఆయన పైకి చేరేసరికి అనసూయమ్మ కారు దిగి, తీరిగ్గా కొంగు సర్దుకుంటోంది.

"మరి పాతదే కదా నన్ను గట్టిగా తోసింది?" అన్నారాయన అయోమయంగా.

"ముందు ఆగింది కాబట్టి, తర్వాత తోసినట్టు తెలిసిందయ్యా. పాతదాని టర్బో పెద్దది, ఊదడానికి కాస్త టైం పడుతుంది. కొత్త ఇంజన్‌లో టర్బో చిన్నది, కాలు పెట్టగానే ఊదుతుంది. ఎక్కడా ఆగదు, అందుకే మీకు తోపు తెలియలేదు."

నాగభూషణం గారు కొత్త కారు చుట్టూ ఓసారి తిరిగి వచ్చారు. "షెడ్డు నీదేలే. కానీ నాకు ఆ ఊపే ఇష్టం. ఏం చెయ్యను?"

"కొత్తదాంతో కొండ కింద మీరే కాసేపు ఊరికే ఆగి, అప్పుడు ఒక్కసారిగా తొక్కండయ్యా" అన్నాడు దరియావలి.